కారు బరువంతా నాలుగు అరచేతుల మీదే
సెలవుల ప్రయాణానికి ముందు ఇంట్లోనే చేసుకోదగిన కారు సంరక్షణ



ఈ నెలాఖరు నుంచి పిల్లలకు వేసవి సెలవులు. ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చిన మర్నాడే చాలా కుటుంబాలు అమ్మమ్మగారి ఊరికో, తిరుపతికో, అరకుకో బయలుదేరుతాయి. రోజూ ఇంటి నుంచి స్కూలు గేటు దాకా నాలుగైదు కిలోమీటర్లు తిరిగే కారు ఒక్కసారిగా మండుటెండలో 300, 400 కిలోమీటర్లు హైవే మీద పరుగెత్తాలి. వెనక సీట్లో పిల్లలు, డిక్కీ నిండా సామాను. ఆ ప్రయాణానికి బట్టలు సర్దుకోవడానికి రెండు రోజులు పెడతాం. కారు కోసం ఒక గంట పెట్టమని అడగడానికే ఈ వ్యాసం.

నేను మన పాఠశాలలో ఫిజిక్స్ చెబుతాను. నా పిల్లలు కూడా ఇక్కడే చదువుతున్నారు. మెకానిక్‌ని కాను. కింద చెప్పినవన్నీ ఏ తల్లి అయినా, తండ్రి అయినా ఆదివారం ఉదయం ఇంటి ముందు చేసుకోగలిగినవే. ఎక్కడ ఆగి మెకానిక్‌ని పిలవాలో కూడా చెబుతాను.

గాలి టైరు ఒక తండ్రి చేసినదే

1887లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. ఆయన కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. గట్టి చక్రాల వల్ల రాళ్ల బాట మీద కుదుపులు ఎక్కువగా ఉండేవి. తండ్రి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు బిగించాడు. మరుసటి సంవత్సరం దానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ల ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన ఇలాంటి టైరుకు పేటెంటు పొందాడు గానీ, గాలి టైరు వాడుకలోకి వచ్చింది డన్‌లప్ తర్వాతే. మన కారును ఈరోజు మోస్తున్నది ఒక తండ్రి తన బిడ్డ కోసం చేసిన పని.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మధ్యరకం కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1200 కిలోలు అనుకుందాం. ఒక్కో టైరు మీద 300 కిలోలు. టైరులో గాలి 33 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు. 300ని 2.3తో భాగిస్తే దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో టైరు రోడ్డును తాకుతున్న మేర మన అరచెయ్యి, వేళ్లు కలిపినంత. బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా, వానలో మలుపు తిరిగినా కారును పట్టి ఉంచేవి ఆ నాలుగు అరచేతులే. తొమ్మిదో తరగతి పిల్లలకు బలం, వైశాల్యం, పీడనం పాఠం చెప్పేటప్పుడు ఇదే లెక్క చేయిస్తాను. ఇంటికి వెళ్లి కారును కొత్తగా చూశామని చెబుతారు.

గాలి: ఎండాకాలంలో తగ్గించకండి

గాలి ఎంత ఉండాలో టైరు మీద రాసి ఉండదు. టైరు పక్కన కనిపించే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, మీ కారుకు కావలసినది కాదు. సరైన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద గానీ, పెట్రోలు మూత లోపలి వైపు గానీ ఉంటుంది. ఫుల్ లోడుకు వేరే అంకె ఇచ్చి ఉంటే, సెలవుల ప్రయాణానికి దాన్నే పాటించాలి.

చూడవలసిన సమయం ఉదయం, కారు కదలక ముందు. లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించకుండా నడిపిన తర్వాత. కారు నడిచేకొద్దీ టైరు వేడెక్కి లోపలి పీడనం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పీడనం దాదాపు ఒకటిన్నర, రెండు పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే మీద చూస్తే 33 ఉండవలసిన చోట 37 కనిపించవచ్చు. అది చూసి గాలి తీసేయకండి. టైరు తయారుచేసినవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే ఉంటారు.

"ఎండాకాలం సార్, రెండు పాయింట్లు తక్కువ పెడదాం" అని గాలి పెట్టే దగ్గర తరచూ వింటాం. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైన టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా నలిగి లేస్తుంది. ఒక తీగను పదేపదే వంచితే ఆ చోట వేడెక్కినట్టే టైరు పక్క గోడ వేడెక్కుతుంది. పైన ఎండ, కింద కాలిన రోడ్డు, లోపల నలుగుడు వల్ల పుట్టిన వేడి, ఇవన్నీ కలిస్తే టైరు పగలడానికి అవకాశం పెరుగుతుంది. వేసవిలో టైరును కాపాడేది తగ్గించిన గాలి కాదు, సరిపడా గాలి.

నైట్రోజన్ పెట్టించాలా అని అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పెట్టించడం వల్ల నష్టం లేదు. కానీ నైట్రోజన్ పెట్టించాం కదా అని నెలల తరబడి చూడకుండా వదిలేస్తే నష్టమే. నెలకు రెండుసార్లు మామూలు గాలి చూసుకునేవారి టైర్లే బాగుంటాయి. చేతిలో పట్టే చిన్న ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కుంటే బంకుకు వెళ్లే పని లేకుండా ఇంటి ముందే చూసుకోవచ్చు.

అరుగుదల, వయసు: జామెట్రీ బాక్సు చాలు

మన దేశంలో కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని నిబంధన. టైరు గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డగట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే ఇక మార్చవలసిందే. ఇంకా ముందే తెలుసుకోవాలంటే ఒక అగ్గిపుల్లను గాడిలో నిలబెట్టి, పై అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి, పిల్లల స్కేలుతో కొలవండి. 3 మిల్లీమీటర్లకు వస్తే వానాకాలం రాకముందే మార్చుకోవడం మంచిది. గాళ్లు నీటిని పక్కలకు తోసేస్తేనే రబ్బరు రోడ్డును తాకుతుంది. గాళ్లు లేకపోతే టైరు నీటి పొర మీద జారిపోతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ మన మాట వినవు.

అరుగుదల తీరు కూడా చాలా చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే గాలి తక్కువగా నడిపినట్టు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్టు. ఒకే అంచు అరిగితే వీల్ అలైన్‌మెంట్ చూపించాలి. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే బ్యాలెన్సింగ్ లేదా సస్పెన్షన్ చూపించాలి.

ఇక వయసు. తక్కువ తిరిగే కార్లకు ఇదే అసలు సమస్య. గాళ్లు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండి బీటలు వారుతుంది. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. 1419 అని ఉంటే 2019వ సంవత్సరం 14వ వారంలో తయారైందని అర్థం. ఒకవైపు కనిపించకపోతే టైరు లోపలి వైపు ఉంటుంది. ఐదేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించండి. పదేళ్లు దాటిన టైరును, ఎంత బాగా కనిపించినా, వాడకండి. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూసే డబ్బు ఇవ్వండి. పక్క గోడ మీద ఉబ్బు గానీ, లోతైన కోత గానీ కనిపిస్తే వయసుతో పని లేదు, ఆ టైరు ప్రయాణానికి పనికిరాదు.

టైర్లను ఎందుకు మార్చి మార్చి వేయాలి?

మనం నడిపే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగేవి. ఇంజను బరువు ముందుంటుంది. లాగేవీ, తిరిగేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ బరువు మోసేవీ ముందు టైర్లే. అందుకే అవి వెనకవాటి కంటే చాలా త్వరగా అరుగుతాయి. నాలుగూ ఇంచుమించు సమానంగా అరగాలంటే 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి వాటి స్థానాలు మార్చాలి. దీన్నే టైర్ రొటేషన్ అంటారు.

ముందు చక్రాలతో లాగే కారైతే ముందు టైర్లు రెండూ అదే వైపు నేరుగా వెనక్కి వెళ్తాయి. వెనకవి అటుదిటు ఇటుదటుగా మారి ముందుకు వస్తాయి, అంటే వెనక ఎడమది ముందు కుడికి, వెనక కుడిది ముందు ఎడమకి.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా వంటి వెనక చక్రాలతో నడిచే బండైతే వెనకవి నేరుగా ముందుకు, ముందువి అటుదిటుగా వెనక్కి.

టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని పక్క మార్చకూడదు. అదే వైపు ముందుది వెనక్కి, వెనకది ముందుకు వేయాలి.

స్టెప్నీ మిగతా నాలుగింటి సైజులోనే ఉంటే దాన్ని కూడా వరసలో కలుపుకోవచ్చు. సన్నటి స్టెప్నీ అయితే కలపకూడదు. అది పంక్చర్ షాపు దాకా చేర్చడానికే. దాని మీద రాసిన వేగానికి మించి నడపకూడదు, చాలావాటి మీద గంటకు 80 కిలోమీటర్లు అని ఉంటుంది.

రొటేషన్ అయ్యాక రెండు పనులు మరవకండి. ముందు, వెనక టైర్లకు వేర్వేరు గాలి అంకెలు ఉంటే కొత్త స్థానాలకు తగ్గట్టు సరిచేయించాలి. టైరు ప్రెషర్ చూపించే సెన్సర్లు ఉన్న కారైతే మాన్యువల్ ప్రకారం వాటిని రీసెట్ చేయించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. డబ్బు సర్దుబాటు కాక రెండే కొత్త టైర్లు కొన్నామనుకోండి. వాటిని ముందు వేయించాలని అనిపిస్తుంది. కానీ టైరు కంపెనీలు వెనక వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు మళ్లీ అదుపులోకి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మనలాంటి మామూలు డ్రైవర్ల వల్ల కాదు. అదే కారణం చేత ముందు, వెనక టైర్ల మధ్య అరుగుదల తేడా ఇప్పటికే బాగా ఎక్కువగా ఉంటే రొటేషన్ చేయించకండి, బాగున్నవి వెనకే ఉండనివ్వండి. రొటేషన్ తేడా రాకుండా మొదటి నుంచి చేసుకునే అలవాటే గానీ, వచ్చాక చేసే మందు కాదు.

రొటేషన్ ఇంట్లో చేసుకోవచ్చా? జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి, చదునైన గచ్చు ఉంటే చేసుకోవచ్చు. అవి లేకపోతే టైరు షాపులో చేయించండి. కొన్ని వందల రూపాయల పని, బ్యాలెన్సింగ్ కూడా అప్పుడే అయిపోతుంది. మీరు పక్కన నిలబడి ఏ టైరు ఎక్కడికి వెళ్తోందో చూసుకుంటే చాలు.

స్టెప్నీ: నేను చేసిన తప్పు

రెండేళ్ల క్రితం మే నెలలో విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక వెనక టైరు పంక్చర్ అయింది. స్టెప్నీ తీసి వేశాను. జాకీ దించగానే అది కూడా కూలబడిపోయింది. ఏడాదిన్నరగా దానిలో గాలి చూడలేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో పిల్లలు వేపచెట్టు కింద గంటన్నర కూర్చున్నారు. రోజూ పీడనం పాఠం చెప్పే మనిషిని నేను. అప్పటి నుంచి గాలి ఐదు టైర్లకు చూస్తాను, నాలుగింటికి కాదు.

చక్రం మార్చడం మీకు రాకపోతే ఈ ఆదివారం ఇంటి ముందు ఒకసారి చేసి చూడండి. రోడ్డు పక్కన మొదటిసారి నేర్చుకోవలసిన పని కాదు ఇది. ఇంట్లో కారు నడిపేవాళ్లందరూ చేసి చూడాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే బోల్టులను కొద్దిగా వదులు చేయండి. ఆ తర్వాతే మాన్యువల్‌లో చూపిన చోట జాకీ పెట్టి లేపండి. కొత్త చక్రం పెట్టాక బోల్టులను వరసగా కాకుండా ఒకదానికి ఎదురుగా మరొకటి చొప్పున బిగించండి. జాకీ దించాక మళ్లీ గట్టిగా బిగించండి. 50, 100 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూడండి.

జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి తల గానీ, చెయ్యి గానీ పెట్టకూడదు. ఆ సమయంలో కారులో ఎవరూ ఉండకూడదు. పిల్లలు చూడవచ్చు, కానీ నాలుగు అడుగుల దూరంలో నిలబడి.

కొన్ని కొత్త కార్లలో స్టెప్నీకి బదులు పంక్చర్ కిట్ ఇస్తున్నారు. మీ డిక్కీలో ఏది ఉందో బయలుదేరే ముందే చూసుకోండి.

బానెట్ ఎత్తితే చూడవలసినవి

ఇంజన్ ఆయిల్: చదునైన చోట, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటించకూడదు. పోయవలసి వస్తే మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

కూలెంట్: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీది గుర్తుల మధ్య ఉందో లేదో చూడండి. వేడి మీద మూత తిప్పితే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. మామూలు కుళాయి నీళ్లు పోస్తే లోపల తుప్పు, సున్నపు పొర పడతాయి. కూలెంటులో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. మిగిలిన డబ్బాను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా తాళం వేసి ఉంచండి. తాగే నీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి.

బ్రేక్ ఆయిల్: ఇక్కడ చూడటం వరకే మన పని. మట్టం తగ్గితే బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం. పైన పోసి ఊరుకోకుండా చూపించాలి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే త్వరగా మరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మెత్తబడిపోవచ్చు. అందుకే సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్పిస్తారు. కొండ ప్రాంతానికి వెళ్లేవారు సర్వీసు పుస్తకంలో చివరిసారి ఎప్పుడు మార్చారో చూసుకోండి.

బ్యాటరీ: టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే శుభ్రం చేయించండి. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. స్టార్టు చేసేటప్పుడు శబ్దం నీరసంగా వస్తుంటే ప్రయాణానికి ముందే పరీక్ష చేయించండి.

ఏసీ ఫిల్టర్: చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేకుండా పది నిమిషాల్లో మార్చవచ్చు. మీ పిల్లలు రోజూ పీల్చే గాలి దీని గుండానే వస్తుంది. ఒకసారి బయటికి తీసి చూస్తే మార్చాలా వద్దా అని ఇక అడగనక్కర్లేదు.

వీటితో పాటు వైపర్లు, హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు చూడండి. బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చెప్పే పని పిల్లలకు ఇవ్వవచ్చు.

"మా కారు తిరగదు కదా"

స్కూలు దాకా మాత్రమే తిరిగే కారుకు సర్వీసింగ్ ఎందుకని చాలామంది అనుకుంటారు. సర్వీసు పుస్తకంలో కిలోమీటర్లతో పాటు నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందు వస్తే అది పాటించాలి. పైగా నాలుగైదు కిలోమీటర్లలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్ త్వరగా పాడవుతుంది. చిన్న చిన్న ట్రిప్పులు, ట్రాఫిక్, దుమ్ము ఉన్న వాడకాన్ని చాలా మాన్యువల్స్ కఠిన వాడకంగానే లెక్కిస్తాయి. మన నగరాల్లో స్కూలు రన్ అంటే ఈ మూడూ ఉన్నట్టే.

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ చెప్పిన సర్వీసులు అధీకృత కేంద్రంలోనే చేయించి బిల్లులు దాచుకోండి. గాలి, మట్టాలు, ఫిల్టర్ చూసుకోవడం వల్ల వారంటీకి ఏమీ కాదు. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల జోలికి ఇంట్లో వెళ్లకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలను అసలు ముట్టుకోకండి. ఇంట్లో ఆయిల్ మార్చుకునేవారు పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి సర్వీసు కేంద్రానికి అప్పగించండి.

స్వయంగా చూసుకోవడం వల్ల మిగిలే డబ్బు కొద్దిగానే ఉండవచ్చు. కానీ కారు గురించి తెలిసిన మనిషికి ఎస్టిమేటు చదవడం వస్తుంది. మాన్యువల్‌లో లేని పని బిల్లులో కనిపిస్తే "ఇది ఎందుకండీ? పాత పార్టు చూపిస్తారా?" అని అడగగలుగుతారు.

పిల్లలతో ఒక గంట

ఈ ఆదివారం పిల్లలకు ఒక కాగితం ఇచ్చి ఈ పట్టిక నింపమనండి. ఐదు టైర్ల తయారీ వారం, సంవత్సరం. ఐదింటి గాలి. నాలుగింటి గాడి లోతు. ఓడోమీటరు అంకె. తేదీ. చిన్న తరగతుల పిల్లలు అంకెలు చదువుతారు, పెద్ద తరగతులవాళ్లు పీఎస్ఐ నుంచి అరచెయ్యి లెక్క చేస్తారు. కాగితాన్ని గ్లవ్ బాక్సులో పెట్టండి. నెల తర్వాత మళ్లీ నింపితే ఏ టైరు గాలి పోగొట్టుకుంటోందో దానంతట అదే తెలుస్తుంది.

చివరగా, టైర్లు ఎంత బాగున్నా వెనక సీటు బెల్టు పెట్టకపోతే ఈ శ్రమంతా సగమే. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి ఎలా ఉన్నా, జూన్‌లో బడి తెరిచిన రోజు ప్రతి తరగతిలో ప్రతి బెంచీ నిండుగా కనిపించాలని మా టీచర్ల కోరిక.

సెలవులు సంతోషంగా గడపండి. క్షేమంగా వెళ్లి రండి.